ఐదు గోల్స్ కొట్టి కూడా ఓడిపోయే జాంబియా అమ్మాయిల జట్టు: అసలు లోపం ఎక్కడ?

ఆఫ్‌సైడ్_అనిత
రాత్రి (2025 జులై 18) కాసాబ్లాంకాలో మహిళల ఆఫ్రికా నేషన్స్ కప్‌లో నైజీరియాతో జాంబియా క్వార్టర్ ఫైనల్ చూశారా ఎవరైనా? 5-0. రెండో నిమిషంలోనే నైజీరియా ఓహాలే తలతో కొట్టేసింది. ఓహాలే డిఫెండర్, ఫార్వర్డ్ కూడా కాదు! హాఫ్ టైమ్‌కే 3-0. నాకు ఏడుపొచ్చింది.
ఓడిపోయినందుకు కాదు నా బాధ. బార్బ్రా బాండా, రేచల్ కుందనాంజి ఇద్దరూ ఒకే జట్టులో ఉన్న దేశం ప్రపంచంలో ఇంకోటి లేదు. కుందనాంజిని 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని బే ఎఫ్‌సీ కొన్నప్పుడు అది మహిళల ఫుట్‌బాల్‌లో ప్రపంచ రికార్డు ధర, దాదాపు 8,60,000 డాలర్లు. బాండా అయితే ఒలింపిక్స్‌లోనే మూడు హ్యాట్రిక్‌లు కొట్టింది. అంతటి ఇద్దరు ముందుండగా ఈ జట్టు ఏ పెద్ద టోర్నీలోనూ చివరిదాకా ఎందుకు వెళ్లదు? టోక్యోలో నెదర్లాండ్స్ చేతిలో 3-10. అదే టోర్నీలో చైనాతో 4-4. పారిస్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద 5-2తో ముందుండి 5-6తో ఓటమి. ఇది దురదృష్టమా, కోచింగా, ఇంకేమైనానా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బంతి
డిఫెన్స్ లేదు. అంతే. థ్రెడ్ మూసేయొచ్చు.

గోదారి_గోల్‌కీపర్
మూయకండి, నేనిప్పుడే వచ్చా.

నైంటీప్లస్
అనిత గారూ, మీ ప్రశ్నతోనే నాకు పేచీ. ఎందుకు వెళ్లదు అని అడుగుతున్నారు. నేనైతే ఇంతదాకా ఎలా వచ్చింది అని అడుగుతాను. 2023 వరల్డ్‌కప్‌లో ఆడిన 32 జట్లలో ర్యాంకింగ్ ప్రకారం అట్టడుగున ఉన్నది జాంబియా, 77వ స్థానం. సముద్రతీరం లేని ఆఫ్రికా దేశాల్లో సీనియర్ వరల్డ్‌కప్ ఆడిన మొదటి దేశం కూడా ఇదే. మగవాళ్ల జట్టు 2012లో నేషన్స్ కప్ గెలిచింది కానీ ఇప్పటిదాకా ఒక్క వరల్డ్‌కప్ కూడా ఆడలేదు. ఆ పని అమ్మాయిలు చేశారు.
వరల్డ్‌కప్‌కి రెండు వారాల ముందు ఫ్యూర్త్‌లో జర్మనీని వాళ్ల సొంతగడ్డ మీదే 3-2తో ఓడించారు. అప్పుడు జర్మనీ ర్యాంకు 2. రెండు గోల్స్ ఆధిక్యం ఇంజురీ టైమ్‌లో పోయింది. ఇంకే జట్టయినా డ్రాతో సరిపెట్టుకునేది. ఇంజురీ టైమ్ 12వ నిమిషంలో బాండా మళ్లీ కొట్టింది. ఆ జట్టును పట్టుకుని లోపం ఎక్కడ అంటే ఎలా?

ఆఫ్‌సైడ్_అనిత
@నైంటీప్లస్ మీరు చెప్పిన జర్మనీ మ్యాచే నా మాటకి సాక్ష్యం కదా. 2-0 ఆధిక్యం చివర్లో ఎందుకు పోవాలి? బాండా కాపాడింది కాబట్టి మనం దాన్ని సాహసం అంటున్నాం. ఆస్ట్రేలియాతో కాపాడలేకపోయింది.

బెజవాడ_బంతి
నేనూ అదే అన్నా. డిఫెన్స్.

గోదారి_గోల్‌కీపర్
డిఫెన్స్ అని ఒక్క మాటలో తేల్చేయకండి బంతి గారూ. కాలేజీ రోజుల్లో రాజమండ్రిలో గోల్‌పోస్ట్ కింద నిలబడినవాణ్ని, ఆ కష్టం ఏంటో తెలుసు. జాంబియా కథలో సగం గోల్‌కీపర్ల కథే.
హేజెల్ నాలి వాళ్ల నంబర్ వన్. 2022 నేషన్స్ కప్‌లో అద్భుతంగా ఆడింది. సరిగ్గా వరల్డ్‌కప్ ముందు మోకాలి లిగమెంట్ తెగి ఇంటికి వెళ్లిపోయింది. రెండో కీపర్ కేథరిన్ ముసోండా, జపాన్‌తో మొదటి మ్యాచ్ ఇంజురీ టైమ్‌లో రెండో యెల్లో కార్డుతో బయటికి. మూడో కీపర్ యూనిస్ సకాలా లోపలికొచ్చి నేరుగా పెనాల్టీకి ఎదురు నిలబడాల్సి వచ్చింది. ఆపింది కూడా! గీత దాటి ముందుకొచ్చిందని మళ్లీ కొట్టించారు, అప్పుడు గోల్ అయింది. 0-5. తర్వాతి మ్యాచ్ స్పెయిన్‌తో. అదే స్పెయిన్ చివరికి ఛాంపియన్.
ఏ పెద్ద దేశమైనా వరల్డ్‌కప్‌లో మూడో కీపర్‌తో ఆడాల్సి వస్తే తడబడుతుంది. కాకపోతే పెద్ద దేశాల్లో మూడో కీపర్ కూడా రోజూ కీపింగ్ కోచ్ దగ్గర ప్రాక్టీస్ చేస్తుంది. తేడా అక్కడుంది.

మూడో_కన్ను
కోస్టారికా మీద 3-1 గెలిచారు కదా ఆ వరల్డ్‌కప్‌లోనే. ఆ మ్యాచ్ ఎవరూ ఎత్తరేం?

నైంటీప్లస్
ఎత్తుదాం. మూడో నిమిషంలోనే లుషోమో మ్వేంబా కొట్టిన గోల్ ఆ టోర్నీలో అప్పటిదాకా అన్నిటికంటే వేగంగా వచ్చిన గోల్. తను సెంటర్ బ్యాక్. తర్వాత బాండా పెనాల్టీ, మహిళల వరల్డ్‌కప్ చరిత్రలోనే 1000వ గోల్ అది. చివర్లో కుందనాంజి ఇంకోటి. హామిల్టన్‌లో జరిగింది. డిఫెండర్లు కూడా గోల్స్ కొట్టే జట్టు ఇది.

బెజవాడ_బంతి
డిఫెండర్లు అవతల గోల్స్ కొడుతుంటే ఇవతల ఎవరుంటారు మరి 😄

కాపర్‌బెల్ట్_కృష్ణ
నేను ఉండేది జాంబియా రాగి గనుల ప్రాంతం కాపర్‌బెల్ట్‌లో, కిట్వే ఊళ్లో. గని పని మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఈ ప్రాంతంలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.
ఈ జట్టుని కాపర్ క్వీన్స్ అంటారు, ఊళ్లో జనం షెపోలోపోలో అని కూడా పిలుస్తారు. రాగి అన్నది పేరు వరకే కాదు, ఇక్కడి ఫుట్‌బాల్ మొత్తం రాగి గనుల చుట్టూ పెరిగింది. కిట్వేలో న్కానా, ముఫులిరాలో వాండరర్స్, ఈ క్లబ్బులన్నీ గని క్లబ్బులే. గనులు ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నంతకాలం గ్రౌండ్, జెర్సీలు, బస్సు, ఆటగాడికి ఉద్యోగం, అన్నీ గనే చూసుకునేది. మన సింగరేణి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. తొంభైల చివర్లో గనుల్ని ప్రైవేటుకి అమ్మేశారు. కొత్త యజమానులకు ఆట ఖర్చు అనవసరపు ఖర్చుగా కనబడింది. చాలా గ్రౌండ్లు ఎండిపోయాయి.
ఇప్పుడు అమ్మాయిల జట్లను నడిపేది ఎక్కువగా ప్రభుత్వ సంస్థలే. గ్రీన్ బఫెలోస్ ఆర్మీ క్లబ్బు, రెడ్ యారోస్ ఎయిర్‌ఫోర్స్‌ది, న్క్వాజీ పోలీసులది, జెస్కో కరెంటు కంపెనీది. కుందనాంజి పుట్టింది ఎండోలాలో, మొదలుపెట్టింది ఇండెని రోజెస్‌లో. ఇండెని అంటే అప్పట్లో ఆ ఊళ్లో నడిచిన చమురు శుద్ధి కర్మాగారం.
అంటే ఒక అమ్మాయి బాగా ఆడితే తనకి దొరికేది సైన్యంలోనో పోలీసులోనో ఉద్యోగం. అది చిన్న విషయం కాదు, ఇంట్లో నలుగురికి అన్నం పెడుతుంది. ఐతే ఆ ఏర్పాటు ఆటగత్తెను నిలబెడుతుంది గానీ డిఫెన్స్‌ని కట్టదు. నలుగురు డిఫెండర్లు, ఒక కీపర్ కలిసి గట్టి ప్రత్యర్థులతో వారం వారం ఆడితేనే వాళ్ల మధ్య లెక్క కుదురుతుంది. ఇక్కడి లీగ్‌లో రెండు మూడు క్లబ్బులు బలమైనవి, మిగతావి బలహీనం. బలమైన క్లబ్బు డిఫెండర్లకి చాలా మ్యాచ్‌లలో పనే ఉండదు. అకస్మాత్తుగా ఒకరోజు ఎదురుగా నెదర్లాండ్స్ స్ట్రైకర్ మిడెమా వస్తుంది.
ఫార్వర్డ్ సంగతి వేరు. వేగం, బలం ఉంటే విదేశీ క్లబ్బు కంటపడుతుంది. కుందనాంజి మొదట వెళ్లింది కజకిస్థాన్‌కి, అక్కడినుంచి స్పెయిన్‌కి. బాండా స్పెయిన్, తర్వాత షాంఘై, ఇప్పుడు ఓర్లాండో. సెంటర్ బ్యాక్ కోసం కాపర్‌బెల్ట్ దాకా వచ్చే ఏజెంట్ ఎవడు?

ఆఫ్‌సైడ్_అనిత
కృష్ణ గారూ, నాకు కావల్సింది ఇదే. మ్యాచ్‌లకి వెళ్తుంటారా?

కాపర్‌బెల్ట్_కృష్ణ
వెళ్తాను. 2024 ఏప్రిల్‌లో ఒలింపిక్ క్వాలిఫయర్ చివరి రౌండ్ మొరాకోతో ఎండోలాలో, లెవీ మ్వానవాసా స్టేడియంలో చూశాను. 1-2తో ఓడిపోయాం. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మ్యాచ్ అయ్యాక కూడా లేవలేదు. ఇంకో మ్యాచ్ ఉంది కదా అంది. నాలుగు రోజుల తర్వాత రబాత్‌లో, మొరాకో జనం మధ్యలో ఎక్స్‌ట్రా టైమ్ ఆడి 2-0తో గెలిచారు. రెండూ బాండా గోల్సే.
కాబట్టి వీళ్లకి గుండె ధైర్యం లేదు, ఒత్తిడి తట్టుకోలేరు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

లెఫ్ట్‌బ్యాక్_లత
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఎవరూ 2022 నేషన్స్ కప్ లెక్క తీయలేదు. నేను తీస్తా.
కామెరూన్‌తో 0-0. ట్యునీసియా మీద 1-0. టోగో మీద 4-1. సెనెగల్‌తో 1-1, పెనాల్టీ షూటౌట్‌లో గెలుపు, ఆ రోజే వరల్డ్‌కప్ బెర్త్ ఖాయం. సెమీస్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 0-1, అదీ ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ వల్ల. మూడో స్థానం మ్యాచ్‌లో నైజీరియా మీద 1-0.
ఆరు మ్యాచ్‌లు, ఇచ్చిన గోల్స్ మూడు. మూడే! ఆ టోర్నీలో బాండా లేదు.
బాండా ఉన్న టోర్నీలు చూడండి. టోక్యోలో మూడు మ్యాచ్‌లకి 15 ఇచ్చారు. పారిస్‌లో మూడింటికి 13. 2023 వరల్డ్‌కప్‌లో 11. ప్రత్యర్థుల స్థాయి వేరు, నిజమే. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి, డిఫెన్స్ చేయడం ఈ దేశానికి రాదు అన్న మాట తప్పు. బాండా లేనప్పుడు పదిమందీ వెనక్కొచ్చి ఆడారు. తను ఉన్నప్పుడు బంతి దొరకగానే ముందుకి పొడవుగా కొట్టేయడం, అందరూ ఎక్కేయడం, బంతి పోతే మిడ్‌ఫీల్డ్ ఖాళీ. సైడు బ్యాక్ ఆడేవాళ్లకి తెలుస్తుంది ఆ ఖాళీలో ఒంటరిగా ఉండటం ఏంటో. మార్తా టెంబో లాంటి ఫుల్‌బ్యాక్ మీదకి ఇద్దరేసి వస్తుంటే తనేం చేస్తుంది?

నైంటీప్లస్
@లత గారు, మంచి లెక్క. కానీ దీన్ని బాండా మీద నెట్టొద్దు ప్లీజ్.

లెఫ్ట్‌బ్యాక్_లత
బాండా మీద నెట్టట్లేదు. తను ఉంది కదా అని మిగతా ప్లాన్ వేయని కోచింగ్ మీద నెడుతున్నా.

మూడో_కన్ను
2022లో బాండా ఎందుకు ఆడలేదు? గాయమా?

ఆఫ్‌సైడ్_అనిత
గాయం కాదు. ఆఫ్రికా సమాఖ్య పెట్టిన అర్హత పరీక్షల్లో టెస్టోస్టెరాన్ స్థాయి పేరు చెప్పి పక్కన పెట్టారు. అంతకుముందు ఏడాది టోక్యో ఒలింపిక్స్ ఆడింది. తర్వాతి ఏడాది ఫిఫా వరల్డ్‌కప్ ఆడింది. మధ్యలో ఆ ఒక్క టోర్నీకే పనికిరాలేదు! అమ్మాయిగా పుట్టి, అమ్మాయిగా పెరిగి, పద్నాలుగేళ్ల వయసులో కోస్టారికాలో అండర్-17 వరల్డ్‌కప్ ఆడిన మనిషి.

బెజవాడ_బంతి
అది చాలా అన్యాయం. ఒక్కో సంస్థకి ఒక్కో రూలు ఉంటే ఆటగత్తె ఏం చేయాలి?

ఓర్లాండో_వంశీ
2024 నవంబర్‌లో బీబీసీ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో తన మీద రాసిన రాతలు చదివితే కడుపు మండిపోయింది. దానికి తను గ్రౌండ్‌లో ముందే జవాబు ఇచ్చేసింది. అవార్డుకి కొద్ది రోజుల ముందే అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్ ఫైనల్, వాషింగ్టన్ స్పిరిట్ మీద 1-0. ఆ ఒక్క గోల్ బాండాదే. ఓర్లాండో ప్రైడ్‌కి అది మొదటి ఛాంపియన్‌షిప్ టైటిల్. మా ఊళ్లో ఆమె పేరుతో జెర్సీలు వేసుకుని తిరిగే చిన్న పిల్లలు కనబడతారు, మా అమ్మాయి కూడా అందులో ఒకతి.
లత గారి పాయింట్‌కి నాదొక చేర్పు. అదే బాండా ఓర్లాండోలో ఆడితే వెనక గోల్‌పోస్ట్ దగ్గర ఆనా మూర్‌హౌస్ ఉంటుంది. 2024 సీజన్‌లో ఆమె 13 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, అది లీగ్ రికార్డు. ముందు బాండా, వెనక ఆ గోడ. టైటిల్ వచ్చింది. జాంబియాకి ముందు బాండాతో పాటు కుందనాంజి కూడా ఉంది, వెనక గోడ లేదు. అనిత గారి ప్రశ్నకి నా జవాబు ఇంతే.

గోదారి_గోల్‌కీపర్
వంశీ గారూ, ఆ మాట నా నోట్లోంచి లాక్కున్నారు. గోల్‌కీపర్లకి జై.

బెజవాడ_బంతి
నేను రెండో పోస్టులో రెండు మాటల్లో చెప్పిందే ఇంతమంది కలిసి ఇంత పొడవు చేశారు. బావుంది 😄

జోబర్గ్_సుధ
దక్షిణాఫ్రికా వైపు నుంచి నాలుగు మాటలు. నేను జొహానెస్‌బర్గ్‌లో ఉంటాను, బన్యానా బన్యానా (ఇక్కడి అమ్మాయిల జాతీయ జట్టు) అభిమానిని. మా జట్టులో బాండా లాంటి మనిషి లేదు. అయినా 2022 నేషన్స్ కప్ మేమే గెలిచాం. రబాత్‌లో మొరాకో మీద 2-1, రెండూ హిల్డా మగాయా గోల్స్. 2023 వరల్డ్‌కప్‌లో ఇటలీని 3-2తో ఓడించి రెండో రౌండ్‌కి వెళ్లాం. గెలుపు గోల్ కొట్టిన తెంబి ఖట్లానా ఆ మ్యాచ్‌కి ముందు కొద్ది వారాల్లోనే ఇంట్లో ముగ్గురిని పోగొట్టుకుంది. ఆ రోజు ఆమె ఆట చూస్తూ మా అపార్ట్‌మెంట్‌లో ఏడవనివాళ్లు లేరు.
తేడా ఏంటంటే కొనసాగింపు. డెజిరే ఎల్లిస్ 2016 నుంచి కోచ్. 1993లో దక్షిణాఫ్రికా అమ్మాయిలు ఆడిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆమె హ్యాట్రిక్ కొట్టింది, తర్వాత కెప్టెన్ అయింది, ఇప్పుడు కోచ్. 2019 నుంచి అమ్మాయిలకి జాతీయ లీగ్ ఉంది. మామెలోడి సన్‌డౌన్స్ అమ్మాయిలు ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్‌ని 2021లో, 2023లో గెలిచారు. డిఫెండర్లకి పని దొరికే మ్యాచ్‌లు అవి. కృష్ణ గారు చెప్పిన లోటు ఇక్కడ కొంత తీరింది.

కాపర్‌బెల్ట్_కృష్ణ
సుధ గారూ, ఒప్పుకుంటా. కానీ మీ దగ్గర డబ్బు గొడవ మా దగ్గరకంటే పెద్దది కదా.

జోబర్గ్_సుధ
పెద్దదే. దాచను. 2023 వరల్డ్‌కప్‌కి వెళ్లేముందు బోత్స్వానాతో వీడ్కోలు మ్యాచ్ పెట్టారు, త్సకానే అనే చోట. గ్రౌండ్ బాగాలేదు, కాంట్రాక్టుల్లో చెల్లింపుల మాట తేలలేదు. అసలు జట్టు ఆడనంది. ఫెడరేషన్ అప్పటికప్పుడు ఇంకో జట్టును పోగుచేసి దింపింది, అందులో 13 ఏళ్ల పిల్ల కూడా ఉంది! 0-5. వరల్డ్‌కప్‌కి పంపే దేశం చేసే పనేనా ఇది? చివరికి మోట్సెపే ఫౌండేషన్ 60 లక్షల ర్యాండ్లు ఇస్తే గొడవ సద్దుమణిగింది. ఆఫ్రికా ఛాంపియన్లు తమ హక్కు కోసం ఒక దాత దయ మీద ఆధారపడ్డారు.
ఆ అమ్మాయిలు మ్యాచ్ మానేసినందుకు అప్పట్లో దేశభక్తి లేదని తిట్టినవాళ్లున్నారు. నెల తిరిగేసరికి ఇటలీని ఓడించారు.

ఆఫ్‌సైడ్_అనిత
ఆ మ్యాచ్ మానేయడం సరైన పనే. అసలు నా దృష్టిలో ఆ ఏడాది వాళ్లు సాధించిన మొదటి గెలుపు అదే.

మూడో_కన్ను
దానితో నేను ఏకీభవించను. మ్యాచ్ ఆడి, తర్వాత పోరాడొచ్చు. ఆ 13 ఏళ్ల పిల్ల పరిస్థితి ఆలోచించండి.

జోబర్గ్_సుధ
@మూడో_కన్ను ఆ పిల్లని దింపింది ఫెడరేషన్, ఆటగత్తెలు కాదు. విమానం ఎక్కాక ఎవడు వింటాడు?

లెఫ్ట్‌బ్యాక్_లత
జాంబియాకి తిరిగొద్దాం. ఒక విషయం ఎవరూ మాట్లాడట్లేదు, నేనే మాట్లాడతా. కోచ్ బ్రూస్ మ్వాపే. 2022లోనే జట్టు శిబిరంలో లైంగిక వేధింపుల ఆరోపణలు బయటికొచ్చాయి, విషయం ఫిఫా దాకా వెళ్లింది. ఆయన ఖండించారు. విచారణ నడుస్తుండగానే ఆయనే 2023 వరల్డ్‌కప్‌కి కోచ్, 2024 ఒలింపిక్స్‌కీ కోచ్. ఆయన దోషా కాదా అన్న తీర్పు నేను చెప్పట్లేదు, అది విచారణ చేసేవాళ్ల పని. నా ప్రశ్న ఫెడరేషన్‌కి. ఇరవై ఏళ్ల అమ్మాయి, జట్టులో చోటు ఇచ్చేదీ తీసేసేదీ ఆయనే, అలాంటి శిబిరంలో తను ఎవరితో చెప్పుకోవాలి? అనుమానం తేలేవరకూ ఇంకొకరికి బాధ్యత ఇవ్వడం అంత కష్టమా?

నైంటీప్లస్
ఈ విషయంలో మీతో నూరుపాళ్లు. వరల్డ్‌కప్‌లో ప్రెస్‌మీట్‌లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. అమ్మాయిల ఆట గురించి అడగాల్సిన సమయం అది.

పీఈటీ_సార్_ఇందూరు
గ్రామీణ స్కూల్లో పీఈటీని. లత గారు రాసింది ప్రతి స్కూలు నోటీసు బోర్డులో ఉండాలి. అమ్మాయిల్ని ఆటకి పంపమని తల్లిదండ్రుల్ని బతిమాలి ఒప్పిస్తాం. మొదటి ప్రశ్న ఒకటే, ఎవరితో పంపుతున్నారు సార్? గ్రౌండ్, బూట్లు, డైట్ అన్నీ ఆ తర్వాతే. మ్యాచ్‌లకి వెళ్తే తోడుగా మహిళా టీచర్ ఉండాలని నేను పట్టుబడతాను. లేకపోతే టోర్నీ వదులుకుంటాను.
మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి కూడా ఆడింది. ఆమె వల్ల మా దగ్గర అమ్మాయిలు ఫుట్‌బాల్ అడుగుతున్నారు. అందరూ వింగ్‌లోనే ఆడతామంటారు, సౌమ్య లాగా. డిఫెండర్‌గా ఉండమంటే మొహం మాడ్చుకుంటారు. జాంబియాలో ప్రతి పిల్లా బాండా కావాలనుకుంటుంది కదా, మ్వేంబా కావాలనుకునేది ఎంతమంది? పాస్ ఇచ్చినదానికి, అడ్డుకున్నదానికి కూడా చప్పట్లు కొట్టించడం మా పీఈటీల పనే.

గోదారి_గోల్‌కీపర్
సార్, కీపర్‌గా ఉండమంటే?

పీఈటీ_సార్_ఇందూరు
ఎవరూ ముందుకు రారు. పొడుగ్గా ఉన్న పిల్ల తల దించుకుని వెనక నిలబడుతుంది, నేను చూడకూడదని.

బెజవాడ_బంతి
😂😂 అన్ని దేశాల్లో ఇదే కథ అన్నమాట.

మూడో_కన్ను
ఇప్పుడు కొత్త కోచ్ వచ్చింది కదా, స్విట్జర్లాండ్ ఆవిడ. మరి 5-0 ఏంటి?

కాపర్‌బెల్ట్_కృష్ణ
నోరా హాయిప్ట్‌లె. 2025 జనవరిలో బాధ్యత తీసుకుంది, అంతకుముందు ఘనా జట్టుకి కోచ్. ఆరు నెలలే అయింది. అందులో ఏప్రిల్‌లో చైనాలో టోర్నీకి వెళ్లినప్పుడు అమెరికాలో ఆడే నలుగురూ లేరు. బాండా, కుందనాంజి, గ్రేస్ చందా, ప్రిస్కా చిలూఫ్యా. అమెరికా ప్రయాణ నిబంధనలతో ఇబ్బంది రావచ్చని ఫెడరేషనే వాళ్లని తీసుకెళ్లలేదు. జట్టును కలిపి కూర్చోబెట్టుకునే అవకాశమే సరిగ్గా దొరకలేదు ఆవిడకి.
ఈ టోర్నీలో గ్రూపు మ్యాచ్‌లు చూడండి. మొరాకోతో 2-2. సెనెగల్ మీద 3-2. కాంగో మీద 1-0. ఆ మూడో స్కోరు చూసి నేను చాలా సంబరపడ్డాను. జాంబియా 1-0తో గెలవడం నాకు 5-2 కంటే ఎక్కువ ఆశ ఇస్తుంది. నైజీరియా మ్యాచ్‌లో మళ్లీ పాత ఖాళీలే కనబడ్డాయి, కాదనను. రెండో నిమిషంలో గోల్ పడగానే అందరూ ముందుకి పరుగెత్తారు. ఇంకా 88 నిమిషాలున్నాయి, ఏం తొందర?

నైంటీప్లస్
నైజీరియా పదోసారి కప్ గెలవడానికి వచ్చిన జట్టు. వాళ్ల చేతిలో ఎవరైనా ఓడతారు.

లెఫ్ట్‌బ్యాక్_లత
ఓడటం వేరు, 5-0 వేరు. మూడేళ్ల క్రితం అదే నైజీరియాని గోల్ ఇవ్వకుండా ఓడించిన జట్టు ఇది.

ఆఫ్‌సైడ్_అనిత
నా ప్రశ్నకి నాకు జవాబు దొరికినట్టే. కృష్ణ గారి లీగ్ మాట, లత గారి మిడ్‌ఫీల్డ్ ఖాళీ మాట, గోదారి గారి కీపర్ల మాట, మూడూ కలిపితే సరిపోతుంది. నైంటీప్లస్ గారితో మాత్రం ఇంకా పేచీ ఉంది. ఇంతదాకా రావడమే గొప్ప అనడం నాకు నచ్చదు. బాండా వయసు 25. కుందనాంజికీ అంతే. ఇలాంటి జోడీ ఇంకో తరానికి దొరుకుతుందన్న హామీ ఎవరిచ్చారు? వాళ్లు ఆడుతున్న కాలంలోనే వెనక జట్టు కట్టాలి.

నైంటీప్లస్
పేచీ ఉండనివ్వండి, నాకూ ఇష్టమే. కోపం ఆ అమ్మాయిల మీద కాకుండా ఫెడరేషన్ మీద ఉంటే చాలు.

ఓర్లాండో_వంశీ
2026 నేషన్స్ కప్పే 2027 బ్రెజిల్ వరల్డ్‌కప్‌కి దారి. సెమీస్ చేరిన నాలుగు జట్లకి నేరుగా బెర్తులు. అంటే మళ్లీ క్వార్టర్ ఫైనలే జాంబియాకి అసలు పరీక్ష.

జోబర్గ్_సుధ
ఆ క్వార్టర్స్‌లో మాకు మాత్రం ఎదురు పడకండి.

కాపర్‌బెల్ట్_కృష్ణ
పడితే చూద్దాం సుధ గారూ. 2022 కొసాఫా కప్ (ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల టోర్నీ) ఫైనల్ మీ గడ్డ మీదే, గ్కెబెరాలో గెలిచాం. 1-0.

జోబర్గ్_సుధ
అదే ఏడాది సెమీస్ మేం గెలిచాం. అదీ 1-0.

గోదారి_గోల్‌కీపర్
చూశారా, ఇద్దరూ 1-0 గురించే గొప్పగా చెప్పుకుంటున్నారు. కృష్ణ గారూ, నాలి మోకాలు ఇప్పుడెలా ఉంది, కొత్త కీపర్లలో ఎవరు బాగా ఆడుతున్నారు, లీగ్ మొదలయ్యాక చూసి రాయండి. కీపర్ల మీద వేరే థ్రెడ్ తెరుస్తాను.

కాపర్‌బెల్ట్_కృష్ణ
తెరవండి. మొదటి మ్యాచ్ చూడగానే రాస్తా.